హుక్కు పెట్టే చోటు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ లక్ష్మీనరసమ్మ అంటే ఒప్పుకోను, అది వేరే సంగతి. ప్రభుత్వ కర్మాగారంలో ముప్పయ్యెనిమిదేళ్ళు పనిచేశాను. గుడివాడ పక్క పల్లెటూరి నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చి, హైదరాబాదు పక్క రామచంద్రాపురంలో కాపురం పెట్టి, ఇక్కడే జుట్టు నెరిపించుకున్నాను. నా కింద, నా విభాగంలో పనిచేసినవాళ్ళలో ఒక్కడికి కూడా వేలు తెగలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను.

ఆ పేరు విని, రిటైరైన రెండో నెలలోనే ఒక బిల్డింగు కాంట్రాక్టరు నన్ను పిలిపించాడు. పటాన్‌చెరు దాటి లక్డారం వెళ్ళే దారిలో ఏదో మందుల కంపెనీకి పెద్ద పెద్ద గోడౌన్లు కడుతున్నారు. అక్కడి కూలీలకు సేఫ్టీ పాఠం చెప్పడం నా పని. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ నా రేకుల షెడ్డులో గంటసేపు కూర్చుని, పాఠం విని, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో వేయాలి. ఆ తర్వాతే గేటు పాసు. రెండేళ్ళలో వెయ్యి మందికి పైగా చెప్పాను.

పాఠం బాగానే చెబుతానని నాకు గట్టి నమ్మకం. తెర మీద బొమ్మలు తిరుగుతుంటే పక్కన నిలబడి మాట్లాడేవాణ్ణి. బీహారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకు నా హిందీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు నా తెలుగు. రెండూ వాళ్ళకు ఒకేలా వినబడేవేమోనని ఇప్పుడు అనుమానం. చివర్లో అసలు ఘట్టం ఉండేది. సేఫ్టీ బెల్టు భుజాలకూ తొడలకూ బిగించుకుని, దాని తాడు చివరనున్న హుక్కు చేతిలోకి తీసుకుని, టక్‌మని తగిలించి చూపించేవాణ్ణి.

“ఈ చప్పుడు వినబడాలి. వినబడితేనే ప్రాణం నిలిచినట్టు. ఎవడి హుక్కయినా గాల్లో వేలాడుతూ కనబడిందో, వాణ్ణి ఆ పూటే ఇంటికి పంపిస్తాను. అర్థమైందా?”

“అయింది సార్!” అని ముప్పై గొంతులు ఒక్కసారి లేచేవి. షెడ్డు రేకులు అదిరేవి. ఆ కేకతో నాకు కడుపు నిండిపోయేది.

ఆషాఢంలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు మల్లన్న పడ్డాడు.

మల్లన్నది లక్డారం. నలభై అయిదేళ్ళుంటాయి. నిరుటి దాకా పొలం పనికి వెళ్ళేవాడు. ఆ పొలాలు ప్లాట్లయ్యాక భార్య ముత్యమ్మతో కలిసి మా సైటుకు వచ్చాడు. ఆమె ఇసుక మోస్తుంది, ఇతను ఇటుకలు అందిస్తాడు. రెండు నెలలు కిందే పనిచేశాడు. ఆ వారమే మొదటిసారి పైకి పంపారు. రెండో గోడౌన్ వెనక గోడకు పైపులతో కట్టిన స్టాండు ఉంది, దాని మీద చెక్కలు పరిచారు. పన్నెండు అడుగుల ఎత్తులో చెక్క మీద కాలు జారి కింద ఇటుకల కుప్ప మీద పడ్డాడు.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి ముత్యమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి చూడకూడని తీరులో వంగిపోయింది. ఊపిరి ఆడటానికి బెల్టు విప్పుదామని చెయ్యి వేశాను. అప్పుడు కనబడింది. హుక్కు అతని నడుము పక్కనున్న బెల్టు రింగుకే తగిలించి ఉంది. తాడు చుట్టచుట్టుకుని తొడ మీద పడి ఉంది. అంటే, హుక్కు అక్కణ్ణుంచి తీసి పైన దేనికీ పెట్టనేలేదు.

నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చెప్పాను కదా, టక్‌మనాలని అరిచి చెప్పాను కదా అనుకున్నాను. దెబ్బలు తిని మూలుగుతున్న మనిషి ముందు నిలబడి అలా అనుకున్నందుకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంది.

ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. చెయ్యి రెండు చోట్ల విరిగింది, పక్కటెముకలు రెండు చిట్లాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు.

సైటు మేనేజరు పవన్‌కుమార్ నా కొడుకు వయసువాడు, మాట మెత్తన, మనిషీ మెత్తనేనని నాకు చిన్నచూపు. బుధవారం సాయంత్రం ఒక ఫారం నా ముందు పెట్టాడు. “ప్రమాదానికి కారణం అనే గడి ఒకటే మిగిలింది సార్. హుక్కు పెట్టలేదు, అందరం చూశాం. కార్మికుడి నిర్లక్ష్యం అని రాసేయండి. అతని వేలిముద్ర ఒకటి తీసుకురండి. ఎల్లుండి పైకి పంపాలి.”

అలా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. గేటు పాసు రద్దవుతుంది. పేరు కంపెనీ సైట్లన్నిటికీ వెళుతుంది. ఈ చుట్టుపక్కల కాంట్రాక్టర్లు ఒకరినొకరు అడిగి మరీ మనుషుల్ని పెట్టుకుంటారు. నిర్లక్ష్యంగా పడ్డవాడని ఒక్కసారి పేరు వస్తే, చెయ్యి అతుక్కున్నా పని దొరకదు. తెలిసే రాశాను. తప్పు చేసినవాడి పేరు తప్పు పక్కన ఉండాలి అనుకునే మనిషిని నేను.

గురువారం సాయంత్రం ఫారం, ఇంకు డబ్బా, ఆ బెల్టు సంచిలో వేసుకుని స్కూటరు మీద లక్డారం వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. మల్లన్న మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడి చేతికి మోచేయి దాకా కట్టు. ముత్యమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసింది గానీ మంచినీళ్ళు ఇవ్వలేదు.

ఫారంలో ఏముందో చదివి వినిపించాను. మల్లన్న మొహం చిన్నబోయింది.

“గట్ల రాయకున్రి సార్. నేను హుక్కు పెట్టిన. టక్‌మని ఇనొచ్చింది గూడ.”

“మల్లన్నా, అబద్ధమాడకు. నేను కళ్ళారా చూశాను.”

ముత్యమ్మ గుమ్మం దగ్గర నుంచి విరుచుకుపడింది. “మా మనిషి అబద్ధమాడడు సారూ! తాగడు, అబద్ధమాడడు. మీరు సదువుకున్నోళ్ళు, మీరేం రాసినా నడుస్తదా? మేం ఇగ ఏడికి పోయి బతకాలె?”

నా కోపం నెత్తికెక్కింది. సంచిలోంచి బెల్టు తీసి అతని ఒళ్ళో పడేశాను. “పెట్టావా? అయితే ఎలా పెట్టావో చూపించు.”

మల్లన్న ఎడమ చేత్తో బెల్టు సర్దుకున్నాడు. నడుము చుట్టూ వేసుకోలేడు కనుక ముత్యమ్మ వచ్చి పట్టుకుంది. తాడు పట్టుకున్నాడు, హుక్కు వెతుక్కున్నాడు, బొటనవేలితో నొక్కి నోరు తెరిపించాడు. బెల్టు పక్కనున్న రింగుకు తగిలించాడు. టక్‌మంది.

“గిట్లనే పెట్టిన సార్,” అన్నాడు.

“అక్కడ కాదయ్యా పెట్టాల్సింది!”

“మరేడ పెట్టాలె?” అని అడిగాడు. ఎదురు మాట్లాడటం కాదది. నిజంగా తెలియక అడిగాడు. “మీరు మాకు గిట్లనే సూపిచ్చిండ్రు గద సార్. షెడ్ల నిలబడి, బెల్టు కట్టుకొని, హుక్కు తీస్కొని, గీ రింగుకే టక్‌మని పెట్టిండ్రు. సప్పుడొస్తే పాణం నిలిచినట్టని అన్నరు. ఏలాడితె ఇంటికి పంపిస్తనన్నరు. నేను మంచిగ సూసిన సార్. ముందట్ల కూసున్న. అందరు గట్లనే పెడ్తున్నరు.”

ఆ షెడ్డు కళ్ళ ముందుకు వచ్చింది. పైన రేకులు, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. హుక్కు తగిలించడానికి అక్కడ ఏముంది? ఏమీ లేదు. మొదటి రోజు ఒక్క క్షణం చుట్టూ చూసి, ఏమీ దొరక్క, నా బెల్టు రింగుకే తగిలించి చూపించాను. ఆ తర్వాత అదే అలవాటైంది. దృఢమైన ఆధారానికి తగిలించవలెను అని నోటితో చెబుతూనే ఉన్నాను. చేతులు మాత్రం రెండేళ్ళుగా ఇంకోటి చేస్తున్నాయి. వాళ్ళు నా నోటిని నమ్మలేదు, చేతుల్ని నమ్మారు. ఎవరైనా అంతే చేస్తారు.

“నువ్వు పైనుంచి పడితే అది నిన్ను ఎలా ఆపుతుందనుకున్నావు?” అని అడిగాను.

మల్లన్న కొంచెం సిగ్గుపడ్డాడు. “బెల్టే కాపాడుతదనుకున్న సార్. తాయెత్తు కట్టుకుంటం గద, గట్ల.”

ఇంకు డబ్బా మూత తీయకుండానే సంచిలో వేసుకున్నాను. “చెయ్యి జాగ్రత్త మల్లన్నా,” అని లేచాను. క్షమించమనాల్సింది. ఆ మాట నాకు అంత తొందరగా నోట్లోంచి రాదు.

ఇంటికి వచ్చాక లక్ష్మీనరసమ్మకు జరిగిందంతా చెప్పాను. “అర్థమైందా అని ప్రతిసారీ అడిగాను. అయిందన్నారు. ఒక్కడైనా లేదనలేదే!” అన్నాను, ఇంకా ఎవరి మీదైనా నెట్టేద్దామన్న ఆశతో.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. “కొత్త ఫోను ఎలా వాడాలో నాకు మూడు రోజులు చెప్పారు. అర్థమైందా అని అరిచినప్పుడల్లా అయిందన్నాను. ఏమర్థమైందని? మీరు అరవడం ఆపుతారని అన్నాను.”

నాకు పెళ్ళయి ముప్పయ్యారేళ్ళు. ఆవిడ ఇంకా ఏమేమి అర్థమైందని చెప్పిందో తలుచుకుంటే భయమేసింది.

శుక్రవారం పొద్దున పని మొదలు కాకముందే అందర్నీ షెడ్డు ముందు ఖాళీ స్థలంలోకి పిలిచాను. నలభై మంది వచ్చారు. ముత్యమ్మ కూడా ఉంది. ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే గడవదు కదా. చివర్లో ముసుగు వేసుకుని నిలబడింది, నా వైపు చూడలేదు.

ఆ రోజు ఎవర్నీ అర్థమైందా అని అడగలేదు. “బెల్టు వేసుకుని, హుక్కు పెట్టి చూపించండి,” అన్నాను. వరసలో నిలబడి ఒక్కొక్కరే పెట్టారు. టక్, టక్, టక్. నలభై మందిలో ఇరవై ఆరుగురు తమ నడుము రింగుకే తగిలించుకుని, బాగా చేశామన్నట్టు నా మొహం చూశారు. ఇరవై ఆరుగురు. వీళ్ళంతా రోజూ పైకి ఎక్కుతున్నవాళ్ళు.

నలుగురిని పట్టుకుని రెండు ఇనుప స్టాండ్ల మధ్య అడ్డంగా ఒక లావు పైపు బిగించమన్నాను. కింద మోకాలెత్తు ఇసుక పోయించాను. పక్కన బల్ల వేయించి, బెల్టు కట్టుకుని ఎక్కాను. బల్ల ఎత్తు మూడడుగులే. అరవై రెండేళ్ళవాడికి మూడడుగులు తక్కువేమీ కాదు.

“రెండేళ్ళుగా మీకు నేను చూపించింది ఇదీ,” అని నా రింగుకే హుక్కు తగిలించుకున్నాను. టక్‌మంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆ చప్పుడు విన్నట్టు అభినయం కూడా చేశాను. తర్వాత అడుగు ముందుకు వేశాను.

ఇసుకలో బోర్లా పడ్డాను. నోట్లోకి ఇసుక పోయింది, కళ్ళజోడు ఎటో పోయింది. ముందు నవ్వులు వినబడ్డాయి. ఎప్పుడూ అరిచే సారు పడితే ఎవరికి నవ్వు రాదు? నేను లేచి నిలబడి నోరు తుడుచుకునేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు తమ నడుముల వైపు చూసుకున్నారు. చేతులు మెల్లగా హుక్కుల మీదికి వెళ్ళాయి.

మళ్ళీ ఎక్కాను. ఈసారి హుక్కు తల పైనున్న పైపుకు తగిలించి, గట్టిగా గుంజి చూసి, అడుగు వేశాను. పడలేదు. గాల్లో కాళ్ళు ఆడిస్తూ వేలాడాను. దిగడం మాత్రం రాలేదు, ఇద్దరు వచ్చి నడుం పట్టుకుని దించారు.

“మల్లన్న హుక్కు పెట్టాడు,” అన్నాను. “నేను చూపించిన చోటే పెట్టాడు. తప్పు అతనిది కాదు. నాది.”

నా మాట నలభై మందికీ వినబడేలా అన్నాను. ఎన్నో ఏళ్ళుగా అరిచి సంపాదించిన గొంతు, దానికైనా పనికొచ్చింది. చివర నిలబడ్డ ముత్యమ్మ ముసుగు సర్దుకుని, కళ్ళు తుడుచుకుని, ముందుకు వచ్చింది.

“సారూ, ఒక్క మాట. పైన పైపుంటె పైపుకు పెడ్తం. పైన ఏం లేని కాడ ఏం జెయ్యాలె? మా ఆయన పడ్డ కాడ పైన ఏమున్నది?”

రెండేళ్ళలో నా పాఠం విన్నవాళ్ళు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. “పదండి, చూద్దాం,” అన్నాను.

నలభై మందీ నా వెనకే వచ్చారు. రెండో గోడౌన్ వెనక గోడ దగ్గర నిలబడి తలెత్తి చూశాం. మల్లన్న నిలబడ్డ చెక్క దగ్గర స్టాండు అయిపోతుంది. దాని పైన పైపు లేదు, కమ్మీ లేదు, తాడు లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడ మీద ఆకాశమే ఉంది. అతనికి నేను సరిగ్గా నేర్పి ఉన్నా, హుక్కు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడేవాడు. రెండేళ్ళుగా నేను రోజూ షెడ్డులో పాఠం చెప్పి, సాయంత్రం అయిదింటికి ఇంటికి వెళ్ళిపోయాను. పైకి ఎక్కి చూడటం నా పని కాదనుకున్నాను.

“హుక్కు పెట్టే చోటు లేకపోతే పైకి ఎక్కకండి,” అని ముత్యమ్మకు చెప్పాను. “గోడ పొడవునా తాడు కట్టేదాకా మేం ఎక్కం అని చెప్పండి. సూర్యప్రకాశరావు సారు ఎక్కొద్దన్నాడని నా పేరు చెప్పండి.”

ఆ పొద్దుటే వెనక గోడ పని ఆగిపోయింది. పవన్‌కుమార్ పరుగున నా షెడ్డుకు వచ్చేసరికి కొత్త ఫారం నింపుతున్నాను. కారణం అనే గడి చాల్లేదు, వెనక పేజీ కూడా వాడాను. ఒకటి, శిక్షణ తప్పు. శిక్షకుడు సూర్యప్రకాశరావు. రెండు, హుక్కు తగిలించడానికి గోడ మీద ఎటువంటి ఆధారమూ ఏర్పాటు చేయలేదు. కార్మికుడి తప్పు లేదు.

అతను చదివాడు. “సార్, మొదటిది రాస్తే మీ ఉద్యోగం పోతుంది. రెండోది రాస్తే నాది పోతుంది.”

“మూడోది, నువ్వు రాయమన్న కార్మికుడి నిర్లక్ష్యం, రాస్తే మల్లన్నది పోతుంది,” అన్నాను. “ముగ్గురిలో చెయ్యి విరిగింది అతనికొక్కడికే బాబూ.”

అరవలేదు. అరవకుండా మాట్లాడటం నాకు వచ్చని అప్పుడే తెలిసింది. పవన్‌కుమార్ కాగితం తిప్పి వెనక పేజీ మళ్ళీ చదివాడు. పాపం, వాడికీ ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు. చివరికి ఏమనుకున్నాడో, ఫోను తీసి గోడలన్నిటి మీదా తాడు కట్టే మనుషుల కోసం మాట్లాడాడు. తర్వాత నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. అతని మీద నాకున్న చిన్నచూపు ఆ రోజుతో పోయింది.

అతనికి పైనుంచి గట్టిగా చీవాట్లు వచ్చాయి. నాకు ఉత్తరం వచ్చింది. నెలాఖరు తర్వాత నా సేవలు అవసరం లేదట. ఎవరో కొత్త కుర్రాడు వస్తాడట, ఆ పనికే చదువుకున్నాడట. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. మిగిలిన రోజులన్నీ పాతవాళ్ళని కూడా మళ్ళీ పిలిచి, పదేసి మందిని తీసుకెళ్ళి, ఆ పైపు కింద ఒక్కొక్కర్నీ వేలాడదీశాను. తెర, బొమ్మలు మూల పెట్టేశాను. దిగినవాడు నాకు చెప్పడం కాదు, తర్వాతివాడికి చేసి చూపించాలి. అదే పరీక్ష.

ఆఖరి రోజున మల్లన్న వచ్చాడు. కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది, బరువు మోయడానికి ఇంకా టైము పడుతుంది. గేటు పాసు రద్దు కాలేదు. పవన్‌కుమార్ అతన్ని తేలిక పనిలో పెట్టుకుంటానన్నాడు. పొద్దున పైకి ఎక్కేవాళ్ళ హుక్కులన్నీ గుంజి చూడాలి, అదీ పని.

“మీ తోని జెర పని పడ్డది సార్, రాండ్రి,” అని నన్ను వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడ పొడవునా ఇనుప తాడు బిగించి ఉంది, ఎండకు మెరుస్తోంది. ముత్యమ్మ ఇసుక గంప దించి మా వైపే చూస్తూ నిలబడింది.

“మల్లన్నా,” అన్నాను. నెల రోజులుగా గొంతులో ఉన్న మాట అది. “నిన్ను అబద్ధమాడుతున్నావన్నాను. నీ మంచం పక్కన కూర్చుని అన్నాను. నన్ను క్షమించు.”

“గది ఇడ్సిపెట్టున్రి సార్. నా పేరు నిలబెట్టిండ్రు, సాలు,” అన్నాడు. తర్వాత బెల్టు కట్టుకుని, ఎడమ చేతి పట్టుతో నిచ్చెన మెట్లు నాలుగు మెల్లగా ఎక్కాడు. అక్కడిదాకా దించిన తాడుకు హుక్కు పెట్టాడు. టక్‌మంది. అంతటితో ఆగలేదు. మూడుసార్లు గుంజి చూశాడు. దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“సమజైందా సార్?” అన్నాడు. మొహంలో నవ్వు దాచుకుంటున్నాడు.

“అయింది,” అన్నాను.

“అయిందనుడు గాదు సార్,” అని బెల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. “సూపియ్యున్రి.”

నేను బెల్టు కట్టుకున్నాను. నిచ్చెన ఎక్కి, తాడుకు హుక్కు పెట్టి, గుంజాను. మల్లన్న నా వెనకే రెండు మెట్లు ఎక్కి, తన సన్నబడ్డ కుడి చేత్తో నా హుక్కును ఇంకోసారి గుంజి చూశాడు. ముప్పయ్యెనిమిదేళ్ళ సర్వీసులోనూ, ఈ రెండేళ్ళలోనూ నేను ఎంతోమంది బెల్టులు చూశాను. నా బెల్టు చూసినవాడు అతనొక్కడే.